పక్షి వేటకూ క్లే షూటింగ్‌కూ ఒకే సైడ్-బై-సైడ్ షాట్‌గన్: ఏది ఎంచుకోవాలి?

కొన్నేళ్లుగా ఓవర్-అండర్ తుపాకితో, అంటే ఒక గొట్టం మీద మరొక గొట్టం ఉండే తుపాకితో, క్లే షూటింగ్ (యంత్రం గాలిలోకి విసిరే మట్టి బిళ్లలను కాల్చే ఆట) చేస్తున్న మీరు, రెండు గొట్టాలూ పక్కపక్కన ఉండే సైడ్-బై-సైడ్ షాట్‌గన్ ఒకటి కొనాలనుకుంటున్నారు. వేటకు చట్టం అనుమతించే నెలల్లో దానిని చేతపట్టుకుని నడుస్తూ పక్షులను వేటాడాలి, మిగిలిన కాలమంతా అదే తుపాకితో మైదానంలో సాధన చేయాలి అన్నది మీ ఉద్దేశం. మీరు చూసి పెట్టుకున్నవి మూడు: తేలికైన కొత్త 20 బోర్ (12 బోర్ కంటే సన్నటి గొట్టాలున్న) బాక్స్‌లాక్ (పేల్చే యంత్రాంగం పెట్టెలా లోపల ఇమిడి ఉండే రకం), 65 మి.మీ. చాంబర్లు (తూటా కూర్చునే గదులు) ఉన్న పాత ఇంగ్లిష్ 12 బోర్, ఒకే ట్రిగ్గరూ మార్చుకోగల చోక్‌లూ (గుళ్లు ఎంత విస్తరించాలో నిర్ణయించే, మూతి దగ్గరి సన్నని భాగాలూ) ఉన్న ఆధునిక 12 బోర్. ఈ మూడింటిలో ఏది మేలని, ట్రిగ్గర్లు రెండు ఉండాలా ఒకటి చాలా అని మీరు అడిగారు.

నా నిర్ణయం ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. 3 కిలోలకు అటూ ఇటూగా బరువు, 71 నుంచి 74 సెం.మీ. పొడవున్న గొట్టాలు, 70 మి.మీ. చాంబర్లు, రెండు ట్రిగ్గర్లు, ఒక మోస్తరు చోక్‌లు ఉన్న 12 బోర్ బాక్స్‌లాక్ మీ అవసరానికి సరైనది. మీ మూడు ఎంపికల్లో మూడోది దీనికి దగ్గరగా ఉంది, మొదటిది అన్నిటికంటే దూరంగా ఉంది. వేటకూ మైదానానికీ మధ్య ఉన్న తేడాను తుపాకి మార్చి పూడ్చుకోవాలని చాలామంది చూస్తారు గానీ, సైడ్-బై-సైడ్ విషయంలో ఆ తేడాను తూటాతో పూడ్చుకోవడమే సులువు, చౌక, నమ్మకం.

మొదట బరువు సంగతి చూడండి. నడక వేటలో తుపాకిని గంటల తరబడి మోస్తారు, కాల్చేది మాత్రం కొద్దిసార్లే. మైదానంలో ఇది తలకిందులవుతుంది. అక్కడ మోసేది తక్కువ, ఒక రౌండుకే 25 క్లేలు, రోజుకు నాలుగు రౌండ్లు ఆడితే 100 తూటాలు. అందుకే ఒక పనికి వరమయ్యే తేలికదనం మరొక పనికి శిక్ష అవుతుంది. తుపాకి బరువు అందులో వేసే గుళ్ల బరువుకు కనీసం 96 రెట్లు ఉండాలన్న పాత ఇంగ్లిష్ సూత్రం ఒకటి ఉంది, అది ఇప్పటికీ బాగా పనికొస్తుంది. ఆ లెక్కన 28 గ్రాముల తూటాకు (ఈ గ్రాములు తూటాలోని గుళ్ల బరువు) దాదాపు 2.7 కిలోల తుపాకి, 32 గ్రాముల తూటాకు 3.07 కిలోల తుపాకి, 36 గ్రాముల తూటాకు 3.45 కిలోల తుపాకి కావాలి. ఇది వేటలో కొద్దిపాటి కాల్పులకు సరిపోయే కనీస లెక్క మాత్రమే. వరుసగా వంద తూటాలు కాల్చే మనిషి భుజం అలసిపోకుండా ఉండాలంటే ఇంకా ఉదారంగా లెక్క వేసుకోవాలి. 3 కిలోల 12 బోర్‌లో మైదానంలో 24 గ్రాముల తూటా వాడితే ఆ నిష్పత్తి 125 అవుతుంది, 28 గ్రాములైనా 107 ఉంటుంది. వేటకు వెళ్లినప్పుడు అదే తుపాకిలో 30 లేదా 32 గ్రాములు వేసుకోవచ్చు, నిష్పత్తి 96కు కాస్త కిందికి దిగినా ఆ కొద్ది కాల్పుల్లో దాని తన్ను మీకు తెలియదు. తూటాతో తేడాను పూడ్చడం అంటే నా ఉద్దేశం ఇదే. ఒలింపిక్ క్లే పోటీల్లో గుళ్లకు అనుమతించే గరిష్ఠ బరువు 24 గ్రాములే కాబట్టి, తేలిక తూటాలతో క్లేలు పగలవన్న సందేహం మీకు అవసరం లేదు.

ఇప్పుడు మీ 20 బోర్ దగ్గరికి వస్తాను. అటువంటి తుపాకి సాధారణంగా 2.5 నుంచి 2.8 కిలోల మధ్య ఉంటుంది. పూరేడు పిట్టలు, కౌజులు దగ్గరలో హఠాత్తుగా లేచే చోట, రోజంతా నడిచే వేటకు దానిని మించినది లేదు. చేతిలోకి వెంటనే వస్తుంది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది. తేలికైన గొట్టాలు ఎంత త్వరగా కదులుతాయో అంత త్వరగా ఆగిపోతాయి. అడ్డంగా దూరం నుంచి పోయే క్లేను కాల్చేటప్పుడు తుపాకి దాని దారిని అనుసరిస్తూ, దానిని దాటి ముందుకు పోతూనే ఉండాలి, ట్రిగ్గర్ నొక్కిన తరువాత కూడా ఆ కదలిక ఆగకూడదు. గొట్టాల మూతి వైపు కొంత బరువు ఉంటే ఆ కదలిక తనంతట తానే సాగుతుంది. ఆ బరువు లేనప్పుడు కాల్చే వ్యక్తి తన చేతులతోనే దానిని సాగదీయాలి, అలసిపోయిన క్షణాన చేతులు ఆగుతాయి, గుళ్లు క్లే వెనుకగా పోతాయి. ఓవర్-అండర్‌కు అలవాటు పడిన మీకు ఇది మరింత తెలుస్తుంది. ఎందుకంటే మైదానం కోసం తయారైన ఓవర్-అండర్ 3.5 కిలోలకు పైనే ఉండి, గొట్టాలు కూడా 76 నుంచి 81 సెం.మీ. దాకా ఉంటాయి. దాని నుంచి ఒక్కసారిగా 2.6 కిలోల తుపాకికి మారిన వారు మొదట్లో క్లే కంటే వేగంగా తుపాకిని తిప్పి, అంతలోనే ఆపివేయడం నేను తరచుగా చూస్తుంటాను.

పిట్టకూ క్లేకూ ఉన్న ఒక మౌలికమైన తేడాను కూడా ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. క్లే యంత్రం నుంచి బయటపడిన క్షణంలో దాని వేగం అత్యధికం, అక్కడి నుంచి అది తగ్గుతూ పోతుంది. లేచిన పిట్ట అందుకు విరుద్ధంగా నెమ్మదిగా మొదలై వేగం పుంజుకుంటుంది. పైగా క్లే ఎక్కడి నుంచి వస్తుందో మీకు తెలుసు, ఎప్పుడు రావాలో చెప్పేదీ మీరే. అందుకే క్లేలు కాల్చేవారికి దూరంగా ఎగిరిపోయే ట్రాప్ ఆటలో తుపాకిని ముందే భుజానికి ఆనించి క్లేను పిలుస్తారు. వేటలో ఆ వెసులుబాటు ఉండదు. మీ సాధన వేటకు పనికిరావాలంటే, మైదానంలో కూడా తుపాకిని భుజం కిందనే పట్టుకుని, క్లే కనిపించిన తరువాతే పైకి తెచ్చుకోండి. క్లేలు అడ్డంగా దాటే స్కీట్ అనే ఆట అంతర్జాతీయ నియమాల్లో ఇది తప్పనిసరి. పిలిచిన వెంటనే గానీ, 3 సెకన్ల లోపు ఎప్పుడైనా గానీ అక్కడ క్లే వస్తుంది కాబట్టి, పిట్ట లేవడానికి అంతకంటే దగ్గరైన అభ్యాసం మైదానంలో దొరకదు.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది స్టాక్, అంటే భుజానికి ఆనే చెక్క, కొలతల మీద. ఓవర్-అండర్‌లో మీ కంటికి సన్నటి పట్టీ ఒక్కటే కనిపిస్తుంది, తల కాస్త పక్కకు జరిగినా, పైకి లేచినా ఆ పట్టీ వంకర మీకు వెంటనే తెలిసిపోతుంది. సైడ్-బై-సైడ్‌లో కంటి ముందు రెండు గొట్టాల వెడల్పు మొత్తం పరుచుకుని ఉంటుంది, వాటి నడుమ రెంటినీ కలిపే రిబ్ అనే పట్టీ చాలా తుపాకుల్లో గుంటలా కిందికి దిగి ఉంటుంది. కాబట్టి చూపుతో సరిదిద్దుకునే అవకాశం తక్కువ, తుపాకి మీ కన్ను చూసే చోటికే సహజంగా వచ్చి ఆగాలి. ఇంకొక సంగతి, గొట్టాలు పక్కపక్కన ఉండడం వల్ల నిలువు దిశలో వాటి బిగువు ఓవర్-అండర్ కంటే తక్కువ. తూటా పేలిన క్షణంలో మూతి కొద్దిగా కిందికి వంగుతుంది. తయారీదారులు దీనిని లెక్కలోకి తీసుకునే రిబ్‌నూ స్టాక్‌నూ అమరుస్తారు, అయినా ఓవర్-అండర్ కొలతలను అలాగే తెచ్చి సైడ్-బై-సైడ్‌కు పెడితే గుళ్లు కాస్త కిందికి పోతున్నట్టు చాలామందికి అనిపిస్తుంది. చెంప ఆనే చోటు కొంచెం ఎత్తుగా ఉంటే ఇది సర్దుకుంటుంది.

చూడవలసిన కొలతలు ప్రధానంగా మూడు. ముందరి ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరి వరకూ ఉండే పొడవు, చెంప దగ్గరా మడమ (స్టాక్ చివరి పై అంచు) దగ్గరా స్టాక్ ఎంత కిందికి దిగిందన్న డ్రాప్, కుడిచేతి వాటం వారికి కుడివైపుకూ ఎడమచేతి వారికి ఎడమవైపుకూ ఉండే స్వల్పమైన వంపు. మధ్యరకం ఎత్తున్న మనిషికి పొడవు 365 నుంచి 380 మి.మీ., డ్రాప్ చెంప దగ్గర 38, మడమ దగ్గర 55 నుంచి 60 మి.మీ. సాధారణంగా కుదురుతాయి. అయితే ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే పనికొచ్చే అంకెలు. పాత అమెరికన్ తుపాకుల్లో మడమ దగ్గర డ్రాప్ 75 మి.మీ. కూడా దాటి ఉంటుంది. అటువంటి స్టాక్‌తో తల పైకి లేస్తుంది, తన్నిన ప్రతిసారీ చెంపకు దెబ్బ తగులుతుంది, క్లే మైదానంలో అది భరించలేనిది. కర్ర మంచిదైతే నేర్పరి అయిన గన్‌స్మిత్ వేడి నూనెతోనో ఆవిరితోనో స్టాక్‌ను కొంతమేర వంచగలడు, కాబట్టి డ్రాప్ కొద్దిగా తేడా ఉన్నంత మాత్రాన మంచి తుపాకిని వదులుకోనవసరం లేదు.

కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది. 16 గజాల దూరంలో, అంటే సుమారు 14.6 మీటర్ల దూరంలో పెద్ద తెల్లని పలక నిలబెట్టి నడుమ ఒక గుర్తు పెట్టండి. గురి చూడకుండా, కళ్లు ఆ గుర్తు మీదే ఉంచి, తుపాకిని భుజానికి తెస్తూనే కాల్చండి. పలకను మార్చకుండా ఇలాగే అనేకసార్లు కాల్చి, గుళ్ల గుంపు నడిబొడ్డు ఎక్కడ పడుతున్నదో చూడండి. అది గుర్తు నుంచి ఎన్ని అంగుళాలు తప్పితే, స్టాక్‌ను అంగుళంలో అన్ని 16వ వంతులు సరిచేయాలి. కన్ను నుంచి గొట్టం మూతి వరకూ దాదాపు ఒక గజం దూరం ఉంటుంది కాబట్టి ఈ లెక్క కుదురుతుంది. గుంపు కిందికి పడితే చెంప దగ్గరి చెక్కను పైకి తేవాలి, పైకి పడితే దించాలి. ఈ పరీక్ష చేయకుండా బ్రాండ్ల గురించి వాదించుకోవడం వ్యర్థమని నా గట్టి నమ్మకం.

ట్రిగ్గర్ల విషయానికి వస్తే, వేట ముఖ్యమైతే రెండు ట్రిగ్గర్లే ఉండాలంటాను. సాధారణంగా ముందరి ట్రిగ్గర్ కుడి గొట్టాన్నీ వెనుకది ఎడమ గొట్టాన్నీ పేలుస్తాయి. కుడి గొట్టం చోక్ కాస్త తెరిచి, ఎడమది బిగువుగా ఉంటుంది. పిట్ట దగ్గరలో లేస్తే ముందరిది, దూరంగా లేస్తే వెనుకది, అంటే ఏ చోక్ కావాలో నిర్ణయించుకోవడానికి వేలు జరపడం తప్ప మరేమీ చేయనక్కరలేదు. ఒకే ట్రిగ్గర్ ఉన్న తుపాకిలో గొట్టాన్ని ఎంచుకునే మీట ఉన్నప్పటికీ, పిట్ట లేచిన తరువాత దానిని జరిపే వ్యవధి ఉండదు. పైగా ఒకే ట్రిగ్గర్ ఉన్నవాటిలో చాలా వరకు మొదటి తూటా తన్నుతోనే రెండో గొట్టానికి సిద్ధమవుతాయి. మొదటి తూటా పేలకపోతే రెండోది కూడా చేతికి రాదు. యాంత్రికంగా మారే రకంలో ఈ లోపం లేదు, కొనేముందు అది ఏ రకమో అడిగి తెలుసుకోండి. రెండు ట్రిగ్గర్ల తుపాకికి నిటారుగా ఉండే ఇంగ్లిష్ స్టాక్ తోడైతే, వెనుక ట్రిగ్గర్‌కు పోయేటప్పుడు చేయి కూడా వెనక్కి సులువుగా జారుతుంది. మైదానంలో మాత్రం ఒక చిక్కు ఉంది. వెనుక ట్రిగ్గర్ నొక్కినప్పుడు ముందరి ట్రిగ్గర్ వెనుక భాగం చూపుడు వేలికి తగులుతుంది, వందోసారి కాల్చేసరికి వేలు కమిలిపోతుంది. ముందరి ట్రిగ్గర్‌కు మడత ఉండి ముందుకు ఒదిగే తుపాకి దొరికితే ఈ బాధ ఉండదు. వేలు తడబడుతుందన్న భయం వద్దు, ఒక సీజన్‌లో అలవాటైపోతుంది.

చోక్‌ల గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు. చోక్ బిగువును 40 గజాల దూరంలో, అంటే 36.6 మీటర్ల వద్ద, 76 సెం.మీ. వృత్తంలో పడే గుళ్ల శాతంతో కొలుస్తారు. చోక్ లేని సిలిండర్‌లో దాదాపు 40, క్వార్టర్‌లో 55, హాఫ్‌లో 60, ఫుల్‌లో 70 శాతం పడతాయి. కుడివైపు క్వార్టర్, ఎడమవైపు హాఫ్ ఉన్న తుపాకి వేటకూ స్పోర్టింగ్ క్లేకూ చాలినంత. స్కీట్‌లో క్లేలను సుమారు 20 మీటర్ల దూరంలోనే పగలగొడతారు కాబట్టి అక్కడ ఇది కొద్దిగా ఎక్కువ బిగువు, ట్రాప్‌లో కాల్చే దూరానికి కొద్దిగా తక్కువ. స్కీట్ ఒక్కటే ఆడేవారైతే తప్ప దీనికోసం తుపాకిని మార్చకండి. గుళ్ల సైజు మార్చుకుంటే సరిపోతుంది. క్లేలకు 2.0 నుంచి 2.4 మి.మీ. గుళ్లు, పూరేళ్లకు దాదాపు అంతే, ఫెజంట్ వంటి పెద్ద పిట్టకు 2.7 నుంచి 3.0 మి.మీ. గుళ్లు వాడండి. గుళ్ల నంబర్లు దేశాన్ని బట్టి మారుతాయి, అందుకే పెట్టె మీద మిల్లీమీటర్లు చూడటం మంచి అలవాటు.

పాత ఇంగ్లిష్ తుపాకి మీద మీకు ఉన్న మమకారం నాకు అర్థమవుతుంది, నిజానికి ఆ సమతూకం కొత్త తుపాకుల్లో అరుదు. బరువంతా రెండు చేతుల మధ్య, గొట్టాలు విడిపోయే కీలు దగ్గర కుదురుకుని ఉంటుంది. 1875లో వెస్ట్‌లీ రిచర్డ్స్ సంస్థలో పనిచేసిన ఆన్సన్, డీలీ రూపొందించిన బాక్స్‌లాక్ యంత్రాంగం ఎంత సరళమో, ఎంత దృఢమో చెప్పడానికి, ఇప్పటి బాక్స్‌లాక్‌లలో ఎక్కువ భాగం దాని మీదే ఆధారపడి ఉండటమే సాక్ష్యం. అయితే మీరు చెప్పిన తుపాకికి 65 మి.మీ. చాంబర్లు. 70 మి.మీ. తూటా పేలని స్థితిలో పొట్టిగా ముడుచుకుని ఉంటుంది కాబట్టి అందులోకి చక్కగా పోతుంది. పేలినప్పుడు దాని మూతి విచ్చుకునే చోటు లేక ఒత్తిడి పెరుగుతుంది. పట్టింది కదా అని కాల్చకూడదు. 65 లేదా 67 మి.మీ. తూటాలు మీకు ఏడాది పొడవునా నిరాటంకంగా దొరుకుతాయో లేదో ముందు చూసుకోండి, మైదానంలో ఖర్చయ్యే సంఖ్యకు ఇది చిన్న విషయం కాదు.

అయినా ఆ తుపాకినే చూడదలిస్తే ఈ పరీక్షలు చేయించండి. లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (తుపాకుల బలాన్ని పరీక్షించి ముద్ర వేసే సంస్థ) ముద్రలు చదివించి, పొగలేని తుపాకిమందుకు పరీక్షించినదేనా అని నిర్ధారించుకోండి. పొరలు పొరలుగా అల్లిన డమాస్కస్ గొట్టాలైతే ఇది మరీ ముఖ్యం. గొట్టం గోడ మందం ప్రత్యేకమైన గేజ్‌తో కొలిపించండి. లోపలి తుప్పు గుంటలను గీకి నునుపు చేసిన తుపాకుల్లో గోడ కొన్నిచోట్ల పలచబడి ఉంటుంది, 0.5 మి.మీ. కంటే తక్కువ ఉన్నదానిని నేను తీసుకోను. ఫోరెండ్ (గొట్టాల కింద ముందు చేయి పట్టుకునే చెక్క) తీసివేసి, తుపాకిని మూసి, స్టాక్ పట్టుకుని అటూ ఇటూ కదిలించండి. గొట్టాలకూ యంత్రాంగానికీ మధ్య కదలిక తెలిసినా, వెలుతురు సందు కనిపించినా కీలు అరిగిందని అర్థం. చివరగా గొట్టాలను విడదీసి, కొక్కెం దగ్గర వేలితో వేలాడదీసి, గోటితో మీటండి. రిబ్‌లు గట్టిగా అతుక్కుని ఉంటే గొట్టాలు గంటలా మోగుతాయి. బొంగురుగా, జీరగా మోగితే ఎక్కడో టంకం వదిలింది, లోపల తేమ చేరి ఉంటుంది. గన్‌స్మిత్ చేత పరీక్ష చేయించుకోవడానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.

పాత తుపాకికి ఇంకొక అడ్డంకి సీసం మీద ఆంక్షలు. అమెరికాలో నీటి పక్షుల వేటకు సీసపు గుళ్లను 1991 నుంచి దేశమంతటా నిషేధించారు, యూరోపియన్ యూనియన్‌లో చిత్తడి నేలల్లోనూ వాటికి 100 మీటర్ల లోపునా 2023 ఫిబ్రవరి 15 నుంచి నిషేధం అమలవుతోంది. బాతుల మీదికి వెళ్లాలంటే మీకు వేరే గుళ్లు తప్పవు. ఉక్కు గుళ్లు గట్టివి, పాత పలచని గొట్టాలకూ బిగువైన చోక్‌లకూ హాని చేస్తాయి. బిస్మత్ మెత్తనిది, పాత తుపాకులకు అదే దారి, కానీ ఖరీదెక్కువ. ఉక్కు సాంద్రత 7.8, సీసానిది 11.3 కాబట్టి, ఉక్కు వాడేటప్పుడు సీసం కంటే రెండు సైజులు పెద్ద గుళ్లు ఎంచుకోవడం ఆనవాయితీ. 70 మి.మీ. చాంబర్లున్న ఆధునిక తుపాకిలో, హాఫ్ మించని చోక్‌తో, సాధారణ ఒత్తిడి ఉక్కు తూటాలు వాడవచ్చు. ఎక్కువ ఒత్తిడి ఉక్కు తూటాలకు మాత్రం లిల్లీ పువ్వు గుర్తున్న ప్రత్యేక ప్రూఫ్ ముద్ర ఉండాలి.

ఇక కొత్తవాటిలో ఏవి చూడాలో చెబుతాను. స్పెయిన్‌లోని ఐబార్ పట్టణంలో తయారయ్యే, ‘ఆయా’ (AYA) అనే సంస్థ నంబర్ 4 బాక్స్‌లాక్ నేను పైన చెప్పిన వర్ణనకు చాలా దగ్గరగా ఉంటుంది: ఇంగ్లిష్ స్టాక్, రెండు ట్రిగ్గర్లు, కొలతల ప్రకారం చేయించుకునే వీలు. అదే సంస్థ నంబర్ 2 సైడ్‌లాక్ (పేల్చే యంత్రాంగం పక్క పలకల మీద ఉండే రకం), ఇంగ్లిష్ తుపాకి సంస్థ హాలండ్ అండ్ హాలండ్ పద్ధతిలో చేసినది. సైడ్‌లాక్ ట్రిగ్గర్లు మరింత స్ఫుటంగా ఉండవచ్చు, నగిషీకి చోటెక్కువ ఉంటుంది, కానీ దానివల్ల క్లేలు ఎక్కువ పగలవు. డబ్బు మిగిలితే స్టాక్ సరిచేయించుకోవడానికి, తూటాలకు, శిక్షణకు పెట్టండి. తుర్కియేలోని హుగ్లు సంస్థ తయారుచేయగా సీజెడ్ (CZ) పేరుతో అమ్మకానికి వచ్చిన రెండు తుపాకులను పక్కపక్కన పెట్టి చూస్తే మీ ప్రశ్నకు జవాబు కళ్లకు కడుతుంది. బాబ్‌వైట్‌కు నిటారు స్టాక్, రెండు ట్రిగ్గర్లు. షార్ప్-టెయిల్‌కు పిస్టల్ గ్రిప్, ఒకే ట్రిగ్గర్. రెండూ మార్చుకోగల చోక్‌లున్నవే. మొదటిది వేటగాడి చేతికి, రెండోది ఓవర్-అండర్ నుంచి వచ్చిన క్లే ఆటగాడి చేతికి వెంటనే ఒదుగుతాయి. ఇటలీ తుపాకుల్లో బెరెట్టా 486, జర్మనీలో మెర్కెల్ తయారీ బాక్స్‌లాక్‌లు కూడా చేతిలోకి తీసుకుని చూడదగినవే. మీ కాల్పుల్లో నాలుగింట మూడు వంతులు మైదానంలోనే జరుగుతాయని, అక్కడ ఉక్కు గుళ్లే వాడాలన్న నియమం ఉందని మీకు ముందే తెలిస్తే, నా సలహాను కాస్త మార్చి, మీ మూడో ఎంపికనే తీసుకోమంటాను.

మైదానం కోసమే సైడ్-బై-సైడ్ కావాలనుకునే వారికి ఒక మాట. బతికున్న పావురాల పోటీలు నడిచిన కాలంలో వాటికోసం చేసిన 12 బోర్ తుపాకులు అప్పుడప్పుడు అమ్మకానికి వస్తాయి. గొట్టాలు 76 సెం.మీ., బరువు 3.2 కిలోలకు పైన, చదునైన రిబ్, బిగువైన చోక్‌లు, యంత్రాంగానికి అదనపు బిగింపు, ఎక్కువగా 70 మి.మీ. చాంబర్లు వాటి లక్షణాలు. నడిచి వేటాడటానికి అవి భారమే గానీ, క్లేల మీద వాటి స్థిరత్వం చూసి తీరాలి.

కొన్న తరువాత మైదానంలో మీకు ఎదురయ్యే చిన్న చిన్న ఇబ్బందులు మూడు. వేట తుపాకుల ఫోరెండ్ సన్నటి బద్దలా ఉంటుంది, ఎడమచేయి నేరుగా గొట్టాలనే పట్టుకోవాలి, వరుసగా కాల్చేసరికి అవి కాలిపోతాయి. గొట్టాలకు తొడిగే తోలు తొడుగు గానీ, పలచని చేతి తొడుగు గానీ వెంట ఉంచుకోండి, వెడల్పాటి ఫోరెండ్ కోసం తుపాకి సమతూకం పాడుచేసుకోకండి. రెండోది సేఫ్టీ. వేట తుపాకి తెరిచిన ప్రతిసారీ సేఫ్టీ తనంతట తానే పడుతుంది, క్లే బయటికి వచ్చిన తరువాత ట్రిగ్గర్ కదలకపోవడం మొదట్లో మీకు తప్పదు. దానిని తొలగించమని గన్‌స్మిత్‌ను అడగకుండా, తుపాకి భుజానికి వచ్చేటప్పుడే బొటనవేలితో సేఫ్టీ ముందుకు నెట్టడం అలవాటు చేసుకోండి, పొదల్లో ఆ అలవాటే మీతో నడిచేవారికి రక్ష. మూడోది రెండు గొట్టాల గురి. సైడ్-బై-సైడ్ గొట్టాలను మూతి వైపు ఒకదానికొకటి దగ్గరగా వచ్చేలా అమరుస్తారు, సుమారు 36 మీటర్ల వద్ద రెండింటి గుళ్లూ ఒకే చోట పడాలి. మీరు వాడే మైదానం తూటాతోనూ వేట తూటాతోనూ రెండు గొట్టాలనూ విడివిడిగా పలక మీద కాల్చి, ఆ కాగితాలను దాచుకోండి. గుంపుల నడిబొడ్డులు స్పష్టంగా ఎడంగా పడితే తూటా మార్చి చూడండి, అప్పటికీ కలవకపోతే తుపాకిని వెనక్కి ఇచ్చేయండి.

ఇంత చెప్పినా 20 బోర్‌ను వదులుకోలేక, 12 బోర్‌తోపాటు దానినీ ఉంచుకుంటే, రెండు రకాల తూటాలను ఒకే సంచిలో, ఒకే జేబులో ఎన్నడూ వేయకండి. 20 బోర్ తూటా 12 బోర్ చాంబర్‌లోకి జారి, గొట్టంలో ముందుకు పోయి ఇరుక్కుంటుంది. వెనుక చాంబర్ ఖాళీగా కనిపించడంతో 12 బోర్ తూటా వేసి కాలిస్తే గొట్టం పగిలిపోతుంది. ఎక్కువ మంది తయారీదారులు 20 బోర్ తూటాలకు పసుపు రంగు వేసేది ఇందుకే, అయితే అందరూ అలా చేయరు కాబట్టి రంగును నమ్ముకోకుండా, వేటకు బయలుదేరేముందు జేబులన్నీ ఖాళీ చేసి, ఆ రోజు పట్టుకెళ్తున్న తుపాకి తూటాలు మాత్రమే నింపుకోండి.